కూర్చునే ముందు పైకి చూసే డ్రైవరు

మా వీధి వ్యాను డ్రైవరుకు కొండమీద ఇంకో సంసారం ఉందనీ, అందుకే పెళ్ళాన్నీ కూతుర్నీ అక్కడికి తీసుకెళ్ళడనీ పుకారు పుట్టించినవాళ్ళ నోళ్ళు పడిపోను! ఆరా తియ్యకుండా నేనుంటానా? వారం వారం జనాన్ని ఆ కొండమీదే, ఆకాశమంత చెట్లున్న అడవికి తీసుకెళ్ళి, గుడారాలు వేయించి, తిరిగొచ్చాక వ్యాను పైకప్పు మీది ఆకులు ఒక్కొక్కటే ఏరుతాడు. బయల్దేరే పూట టీ కూడా తాగడని పెళ్ళాం చెప్పింది. ఎవరింటికి వెళ్ళినా తలెత్తి పైన ఏముందో చూశాకే కూర్చుంటాడు. మొన్న మా ఇంట్లో అతని కూతురు ఫ్యాను కింద నిద్రపోతుంటే, మాట మధ్యలో లేచి చాపతో సహా గోడవారకు లాగేశాడు.

"ఏరా అబ్బాయ్, పిల్ల అడవి చూస్తానని ఏడుస్తోందిగా. ఎందుకు తీసుకెళ్ళవు?" అని అడిగేశాను.

ఫ్యాను వంక చూసి, పిల్ల చాపను ఇంకో జానెడు గోడవైపు జరిపాడు.

"అంత పెద్ద చెట్లకి గాలి లేకపోయినా కొమ్మలు విరిగిపడతాయత్తా. మొన్నామధ్య ఒకటి గుడారం మీద పడింది. లోపలివాళ్ళు అప్పుడే టీకని లేచొచ్చారు. గుడారం ఎక్కడ వెయ్యాలో అందరికీ నేనే చూపిస్తా. అంతా అంచనాయే. దీన్నెక్కడ పడుకోబెట్టమంటావు?"