నాలుగు పూటల ప్రార్థన: మా సుగుణమ్మ వదిన

మా వదిన సుగుణమ్మ టీచర్ పోయిన సోమవారం వేకువన నిద్రలోనే ప్రభువు పిలుపు అందుకుంది. లేపడానికి వెళ్లి చెయ్యి పట్టుకున్న నేను చాలాసేపు నమ్మలేకపోయాను. ముందురోజు ఆదివారం ఆరాధనలో హార్మోనియం ముందు కూర్చుని సంఘమంతటినీ పాడించిన మనిషి. మృత్యువు అంత నిశ్శబ్దంగా వస్తుందని ఎవరనుకుంటారు? నా భర్తకు ఆమె స్వయానా అక్క. పెళ్లి చేసుకోలేదు. భద్రాచలం వైపు అడవి పల్లెల్లో ఉపాధ్యాయినిగా జీవితం ధారపోసి, రిటైరయ్యాక కారేపల్లిలో మా దగ్గరే ఉన్నది.

మూత్రపిండాల వ్యాధి ఆమెను పట్టి చాలా కాలమైంది. ఆ మాయదారి జబ్బు మొదట ఆమె పాట మీదే పడింది. కిడ్నీలు చెడితే ఒంట్లో రక్తం సరిగా పుట్టదట, కాల్షియం నిలవదట. రక్తం తగ్గి, ఒక చరణం పూర్తయ్యేలోపే ఆయాసపడేది. కాల్షియం తగ్గి, వేళ్లు కొంకర్లు పోయి హార్మోనియం మెట్ల మీద ఆగిపోయేవి. "అక్కా, ఇంకెవలన్న పాడిస్తరులే" అని మా ఆయన అంటే కస్సుమన్నది. "జబ్బు నా ఒంట్ల ఉంటే ఉండని. నేను మాత్రం జబ్బుల ఉండ." వచ్చే ఈస్టర్‌కు ఆమె పాడించగలదా లేదా అన్నదొక్కటే ఆ రోజుల్లో మా ఇంటిల్లిపాదికీ దిగులు.

ఖమ్మంలో కిడ్నీ డాక్టర్ రక్తం పెరగడానికి సూదులు, ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు రాశాడు. నెలలు గడిచినా రిపోర్టులో మార్పు లేదు. చివరికి ఆయన, "అమ్మా, ఈ మందులు ఎట్ల ఏసుకుంటున్నరు?" అని అడిగాడు. మా ఆయన గర్వంగా జవాబిచ్చాడు. "మా ఇంట్ల ప్రార్థన చెయ్యకుండ మందు గొంతు దిగదు సార్. అందరం కూడేది రాత్రి అన్నానికి ముందే. దినం మాత్రలన్నీ అక్క అప్పుడే ఒక్కసారి ఏసుకుంటది."

 డాక్టర్ నవ్వి, "దేవుడు పగటిపూట గూడ ఇంటడు గద టీచరమ్మా" అన్నాడు. కాల్షియం మూడు పూటలా అన్నంతోపాటు వేసుకోవాలనీ, ఐరన్‌తో కలిపి మింగితే ఆ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదనీ విడమరచి చెప్పాడు. తరాల పిల్లలకు పాఠం చెప్పిన మనిషి బుద్ధిగా తలూపుతూ విన్నది.

ఆనాటి నుంచి మా ఇంట్లో ప్రార్థన నాలుగు పూటలైంది. మూడు కాల్షియానికి, నాలుగోది ఐరన్‌కు ప్రత్యేకం. పొయ్యి మీద నా కూర ఎన్నిసార్లు మాడిందో ఆ ప్రభువుకే తెలుసు. "వదినా, ఐరన్ ప్రార్థన జర చిన్నగ చెయ్యరాదు?" అంటే, "దానికే పెద్దది గావాలె, రక్తం పుట్టాలె" అనేది. నాకు ఒళ్లు మండేది, నవ్వూ వచ్చేది. సూదులూ మానలేదు. మెల్లమెల్లగా ముఖంలో కళ తిరిగింది, వేళ్లు స్వాధీనంలోకి వచ్చాయి.

ఈస్టర్ నాడు ఒక్క చరణమూ వదలకుండా పాడించింది. ఆఖరి చరణానికి ముందు ఆగేసరికి, ఆయాసమొచ్చిందేమోనని మా ఆయన లేవబోయాడు. తీరా చూస్తే ఆమె ఆగింది వెనక వరుస మగవాళ్లు గొంతు కలపడం లేదని కసరడానికి. నేను సిగ్గు విడిచి ఏడ్చాను. విజయమంటే అదే.

ఆ వ్యాధి పూర్తిగా నయమయ్యేది కాదని ఆమెకు తెలుసు. అయినా ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏ ఆదివారాన్నీ దానికి అప్పగించలేదు. దవాఖానాలో కూర్చున్నా ఊరుకునేది కాదు. సత్తుపల్లి నుంచి వచ్చిన ఒక రోగిని, "ఐరన్ ఎప్పుడేసుకుంటున్నవ్, కాల్షియం ఎప్పుడు?" అని బడిపిల్లను నిలదీసినట్టు నిలదీసింది. ఆ రోగి బిక్కమొహం వేసి "డాక్టర్‌ను అడుగుత టీచరమ్మా" అంటే, "అవ్, జల్దీ పోయి అడుగు. నువ్వొచ్చేదాంక నేనీడ్నే కూసుంట" అన్నది.

అంతిమ శ్వాస దాకా గానమే ఊపిరిగా బతికిన ఆ ధన్యజీవికి మా కుటుంబం తరఫున ఈ అక్షరాంజలి. ఏడుస్తూ సాగనంపితే ఆమెకు కోపమొస్తుందని, సమాధి దగ్గర సంఘమంతా గొంతెత్తి పాడాం. రెండో చరణంలోనే శ్రుతి తప్పింది. ఆ సంగతి అందరికీ తెలుస్తూనే ఉంది. అయినా అలాగే చివరిదాకా పాడేశాం. ఆపి సరిచేయవలసిన మనిషి పెట్టెలో పడుకుని ఉంది.