క్యాంపుకు పోయిన సారు

మా ఊళ్ళో క్యాంపంటే ఒకటే అర్థం, తాసీల్దారు జీపెక్కి వెళ్ళడం. "సారు క్యాంపుకు పోయిండు" అని జవాను చెబితే జనం ఖాళీ కుర్చీకే దండం పెట్టి ఇళ్ళకు మళ్ళేవారు. గల్ఫులోని ముసఫ్ఫాకి కూలికొచ్చిన కొత్తలో నా భార్యకు "నేను క్యాంపులో ఉంటున్నాను" అని రాస్తే అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆమె దాన్ని పట్టుకుని నన్ను ఆఫీసరును చేసేసిందని తెలిసీ దిద్దలేదు చూడండి, అదీ నా తప్పు. ఇక్కడ క్యాంపంటే కూలీల బస అని, రేకుల గదిలో పన్నెండుమందిమి, పగలంతా సిమెంటు మూటలు మోస్తానని ఎలా రాయను? సిగ్గేసింది.

నాలుగో ఏడు చలికాలంలో ముదీర్, అంటే మా మేనేజరు, సైటుకొచ్చి నా భుజం తట్టాడు.

"కల్ మేరే సాథ్ క్యాంప్ ఆనా. సామాన్ లేకే. యల్లా!"

రేపు సామానుతో తన వెంట క్యాంపుకు రావాలట. గదిలో నా పై మంచం మీదుండే జగిత్యాల అన్నను అడిగాను.

"క్యాంపు మార్చిండ్రంటే ఖలాస్ తమ్మీ. గీడ నీళ్ళన్న వస్తున్నయ్. ఆడ అవి సుత ఉండయ్. బకెట్ మర్వకు," అన్నాడు.

పొద్దున్నే ట్రంకుపెట్టె, పరుపు, బకెట్‌తో ముదీర్ బండి వెనకెక్కాను. అన్న కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు!

గంటన్నర ఇసుకలో పోయాక చూద్దును కదా, మేకవెంట్రుకలతో నేసిన నల్లటి గుడారం! లోపల తివాచీలు, దిండ్లు, మధ్యలో నిప్పులు. నా ట్రంకుపెట్టె చూసి ముదీర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. వాళ్ళకు క్యాంపంటే మేడ వదిలి స్నేహితులతో ఒక రాత్రి ఇసుకలో పడుకునే సరదా అట! నేను ఛాయ్ కాచాలట! ఎవరి పిచ్చి వారికానందం.

నిజం చెప్పొద్దూ, ఆ గుడారం మాత్రం బంగారం. ఊళ్ళో జొన్నచేలో మంచె మీద పడుకుంటే గొంగడిలోకి కూడా గాలి దూరేది. రేకుల గదిలో ఇనప మంచం తగిలితే ఒళ్ళు జిల్లుమనేది, పైగా పన్నెండుమంది గురకలు. ఇక్కడ చలి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నాలుగేళ్ళలో నేను ఒళ్ళెరగకుండా నిద్రపోయింది అక్కడే.

తెల్లారాక నా రోజులు వచ్చాయి. పీపాలతో నీళ్ళు తెచ్చుకున్న దొరలు ఒక్క బకెట్ తెచ్చుకోలేదు. ఇసుకదిబ్బల చాటుకు వెళ్ళే ప్రతివాడికీ నా బకెట్టే దిక్కు. ముదీర్ కూడా తన వంతు కోసం నిలబడ్డాడు! ఆ సంతోషంలో నన్ను తివాచీ మీద కూర్చోబెట్టి, చేతికి ఛాయ్ గ్లాసిచ్చి, అప్పటికప్పుడే ఫోటో బయటికొచ్చే కెమెరాతో ఒక ఫోటో తీసిచ్చాడు. బుద్ధి గడ్డి తిని, వెనక "క్యాంపులో నేను" అని రాసి ఇంటికి పంపాను.

నెలకు జవాబొచ్చింది. ఐదో తరగతి చదివిన నా భార్య, తనే రాసింది.

"ఫోటో ఊరంత చూసిండ్రు. సారు లెక్కనే ఉన్నవన్నరు. నేను నీ చేతులు చూసిన. గట్ల పగిలినయేంది? గవి సార్ల చేతులు కావు. అయినా సార్లు క్యాంపుకు పోతె మూడొద్దులకు ఇంటికొస్తరు. నువ్వు పోయి నాలుగేండ్లాయె. నీ క్యాంపు ఎప్పుడు అయిపోతది?"

ఉత్తరం జేబులో పెట్టుకుని సరాసరి ముదీర్ దగ్గరికెళ్ళాను.

"క్యాంప్ ఖలాస్ సాబ్. ఛుట్టీ దో," అన్నాను.

సెలవిచ్చాడు. బకెట్ మాత్రం ఉంచి వెళ్ళమన్నాడు.