చూద్దాం అనని మనిషి

ఈ ఉదయం జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఆఫీసుకు వెళ్తుంటే లిఫ్టులో గుప్పున తలనొప్పి బామ్ వాసన కొట్టింది. ఎవరో రాసుకుని దిగిపోయినట్టున్నారు. నాకు మాత్రం కాలు నిలవలేదు. గంట క్రితం, మా సబ్‌టైటిల్స్ ఆఫీసులో వారం రోజులుగా పని నేర్చుకుంటున్న స్వాతి "నన్ను పనిలో పెట్టుకుంటున్నారా సార్?" అని అడిగితే, "చూద్దాం" అని తప్పించుకుని వచ్చాను. నాకు పని నేర్పిన రాజ్యలక్ష్మి గారు వింటే నన్ను ఊరుకునేవారు కాదు.

రాజ్యలక్ష్మి గారిది యానాం. చిన్నప్పుడే అబ్బిన ఫ్రెంచితో ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ మీద రెండు గదుల్లో పరాయి సినిమాలకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రాయించేవారు. సాయంత్రమయ్యేసరికి నుదుటి నిండా బామే. అప్పటికి నేను మూడేళ్ళుగా కృష్ణానగర్‌లో కిరాయి గదిలో ఉంటూ, మాటలు రాసే అవకాశం కోసం చెప్పులరిగేలా తిరుగుతున్నాను. ఒక్కరూ పొమ్మనలేదు, అందరూ "చూద్దాం" అన్నారు. ఈ రంగంలో లేదనడం అపశకునం. రేపు ఎవడు ఏమవుతాడో అని భయం. ఇంటర్లో మార్కుల కోసం ఫ్రెంచి తీసుకుని నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్నవాణ్ణి గనక, ఆవిడ వారం రోజులు పని ఇచ్చి తేలుస్తానన్నారు. అదీ కుదరకపోతే మా ఊరి బస్సెక్కేద్దామని నిర్ణయించుకున్నాను.

మూడో రోజు ఒక సీను ఇచ్చారు. సముద్రానికి తీసుకెళ్ళమని కూతురు అడుగుతుంది. తండ్రి బూట్లు తొడుక్కుంటూ, తలెత్తకుండా "ఓన్ వెరా" అంటాడు, మన "చూద్దాం" లాగే. నేను నిఘంటువు ముందేసుకుని మాటకు మాట "వన్ విల్ సీ" అని రాశాను.

"ఏవయ్యా, బూట్లు తొడుక్కుంటూ ఏ తండ్రైనా కూతురితో ఇలా మాట్లాడతాడా? అన్ని మార్కులు తెచ్చుకుని ఇంత చిన్న వాక్యం దగ్గర బోర్లా పడ్డావే" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. అది కొట్టేసి "నో" అని పెట్టాను.

"ఆయన నో అన్నాడా?"

"అనలే మేడం. కానీ ఆయన మనసుల గదే ఉన్నది. నాకు రోజు చెప్తరు గా మాట. ఫోన్ దిక్కు చూసుకుంట చెప్తరు."

ఆవిడ కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "అయితే నీకు తెలిసిన మాటేగా. ఆయన దాచుకున్నది నువ్వెందుకు బయట పెట్టడం? ఎంత అన్నాడో అంతే రాయి."

"వుయ్ విల్ సీ" అని రాశాను. తెర మీద చదువుకుంటే అచ్చం నాతో అన్నట్టే ఉంది.

శనివారం సంచి సర్దుకుని ఆవిడ ముందు నిలబడ్డాను. "నీ ఫ్రెంచి పనికిరాదు. చెవి పనికొస్తుంది. ఉండు" అన్నారు. కాదనవలసి వచ్చినా అలాగే మొహం మీద చెప్పేవారు. పెడసరం మనిషని పేరు కూడా పడింది. ఆరేళ్ళు ఆవిడ దగ్గర పనిచేశాను గానీ ఆ నోట "చూద్దాం" వినలేదు.

ఆఖర్న ఒక్కసారి మాత్రం విన్నాను. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని, "ఆఫీసుకు ఎప్పుడొస్తరు మేడం?" అని అడిగాను. గోడవైపు చూస్తూ "చూద్దాం అబ్బాయ్" అన్నారు. ఆవిడ దాచుకున్నదాన్ని బయట పెట్టకుండా "సరే మేడం" అన్నాను. ఆ నెలలోనే పోయారు. అడిగి ఉంటే చెప్పుకునేవారేమో అని ఇప్పటికీ మనసు పీకుతూనే ఉంటుంది.

నిర్మాత గది తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. మెట్ల మీద నిలబడి స్వాతికి ఫోన్ చేశాను.

"కుదరదమ్మా. నిన్ను పనిలో పెట్టుకోలేను. ఇందాకే చెప్పాల్సింది" అన్నాను.

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను.

"నేను ఎక్కడ తప్పు చేసిన్నో జర చెప్తరా సార్?"

నాతో చూద్దాం అన్నవాళ్ళలో ఒక్కరినైనా ఆ మాట అడిగే వీలు నాకు దొరకలేదు.

"ఆడనే ఉండు. వస్తున్న. కూసొని చూపిస్త" అన్నాను.