మా రుక్మిణి బొమ్మకు ఇంగ్లీషు పేపరు పెట్టిన పేరు

నా బిడ్డ రుక్మిణి హైదరాబాదులో మా చెల్లెలింట ఉండి బొమ్మలు గీయడం నేర్పే బడిలో చదువుతోంది. తన బొమ్మను ప్రదర్శనలో పెట్టారనీ, ఇంగ్లీషు పేపరువాళ్ళు తనను ‘ఇంప్రెషనిస్ట్’ అని రాశారనీ ఉత్తరం రాసింది. ఆ మాటకు అర్థం చెప్పేవాళ్ళు జహీరాబాదులో దొరకలేదు. స్టేషన్ మాస్టరు కూడా, “నాకొచ్చిన ఇంగ్లీషు రైళ్ళకు, మూటలకే సరిపోతది” అనేశారు. మా ఇంటికి పెద్ద మా అన్న. ఆడపిల్లకు పట్నం చదువేమిటని మొదటినుంచీ గొణిగే మనిషి. “మెప్పయితే ఉండనీ. తిట్టయితే పిల్లను ఎంబడి తోల్కరా” అన్నాడు. అన్న మాటకు ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. సరేనన్నాను.

పొద్దున ఏడింటి బండి ఎక్కాను. మూడో తరగతి టికెట్టు రూపాయి పావలా. వికారాబాదులో బండి మారాలి, గంటకు పైగా కూర్చోవాలి. జొన్నరొట్టె ఇంటినుంచే కట్టుకుపోండి, జామపండ్లు మాత్రం అక్కడ కొనండి, అణా ఇస్తే ఒడి నిండుతుంది. రెండో బండిలో ఎదురుగా ఒకాయన ఇంగ్లీషు పేపరు చదువుతుంటే ధైర్యం చేసి అడిగాను.

“ఇంప్రెషనిస్టా? ఫ్రాన్సు దేశంల కొందరు చిత్రకారులను ఎక్కిరించెటందుకు పుట్టిన మాట. బొమ్మ సగంల ఇడిసిపెట్టిన్రని నవ్విన్రట.”

“ఇప్పుడు గూడ తిట్టేనా సారు?”

“గది నాకు తెల్వది. నేను చెప్పేది లెక్కల పాఠం.”

ఇక నాకు జామపండు రుచి తెలియలేదు.

నాంపల్లిలో దిగేసరికి ఒంటిగంట దాటింది. టాంగా ఆయన ప్రదర్శనశాలకు ఆరణాలు అడిగి, నాలుగుకు ఒప్పుకున్నాడు. దారిలో నా బిడ్డ బొమ్మ సంగతి చెప్పాను. “మంచిదే చాచా, కిరాయి మాత్రం జర పైసలల్లనే ఇయ్యి, బొమ్మలల్ల వద్దు” అన్నాడు.

రుక్మిణి గుమ్మంలోనే ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. గోడ మీద మా ఇంటి వెనక బట్టలారేసే జాగా. నేను బట్టలకు రంగులద్దేవాణ్ణి. మా పనిలో బట్టను కంటికి ఆనించి, దారం దారానికి రంగు పట్టిందా లేదా అని చూస్తాం. బొమ్మనూ అలాగే చూశాను. తెల్లబట్ట మీద నీలపు చుక్కలు, పసుపులో ఎరుపు, ఎక్కడా గీత లేదు. మా దగ్గరైతే అలాంటి బట్ట మళ్ళీ రంగు బానలో పడాల్సిందే. ప్రాణం ఉసూరుమంది.

“అన్నీ మచ్చలే బిడ్డా. నడువు, ఇంటికి పోదాం” అన్నాను.

బిడ్డ ముఖం చిన్నబోయింది. పక్కనే ఉన్న, వాళ్ళ బడి డ్రాయింగు మాస్టరు నా భుజాలు పట్టుకుని పదడుగులు వెనక్కి నడిపించారు. “ఇప్పుడు చూడున్రి పెద్దమనిషి.”

ఏం చెప్పను! అదే మా ఉదయం. తడిబట్టల వెనక ఎండ లేస్తోంది. నీడ పడ్డచోట తెల్లబట్ట నీలంగా ఉంటుంది కదా, నలభై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాను కదా!

“ఎండ ఒక్క గడియల ఎట్ల కనిపిస్తదో గట్లనే పట్టేటోళ్ళను ఇంప్రెషనిస్టులంటరు” అన్నారు మాస్టరు. “ఆ పద్ధతి పేరు ఇంప్రెషనిజం. ప్రతి మసక బొమ్మకు ఆ పేరు చెల్లదు. గీత కన్న ఎలుగు ముందు చూసినోళ్ళకే.”

“ఎక్కిరింపు గాదా?”

“మొదట ఎక్కిరింపే. ఎక్కిరించిన మాటనే ఆ చిత్రకారులు బిరుదు లెక్క తలకు చుట్టుకున్నరు. ఇప్పుడది మెప్పే.”

“మరి పెదనాయినకు ఏం చెప్తవు నాయినా?” అంది రుక్మిణి.

“చెప్పుడెందుకు బిడ్డా? ఆయన్నే తోల్కొస్త. నువ్వు ఈడనే ఉండు.”

సాయంత్రం బండిలో ఒక్కణ్ణే, ఇంత సంతోషంతో తిరిగొచ్చాను. దగ్గరగా చూడడమే పనితనమనుకుని ముసలివాణ్ణయ్యాను. నా బిడ్డకు తెలిసిన దూరం నాకు తెలియనందుకు సిగ్గేమీ లేదు, గర్వంగానే ఉంది. మీరూ బొమ్మలు చూడబోతే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: ముందు పదడుగులు వెనక్కి నిలబడండి. మీ పిల్లలు వేసినవైతే, అక్కడ నిలబడ్డాకే నోరు విప్పండి.