తిరగేసిన అక్షరాలు

బందరులో సర్క్యూట్ బోర్డులు గీసే ఉద్యోగం చేసిన రోజుల్లో నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, గుడివాడ నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. ముదినేపల్లి వైపు చేపల చెరువుల వాళ్ళ కోసం మా చిన్న కంపెనీ ఓ అలారం పెట్టె తయారుచేస్తోంది. కరెంటు పోయి, చెరువు నీళ్ళలోకి గాలి పట్టించే మిషన్లు ఆగిపోతే గంట మోగాలి. ఆ పెట్టెలో పట్టే సర్క్యూట్ బోర్డు గీయడం నా పని.

పెట్టెకు అచ్చు చేసేది ఓ ముస్లిం పెద్దాయన. నలభై ఏళ్ళు రోల్డుగోల్డు నగల కోసం ఉక్కు మీద అచ్చులు చెక్కిన మనిషి. చెయ్యి వణకడం మొదలయ్యేసరికి ఉలి పట్టలేక, ఆ వయసులో కంప్యూటరు సెంటరులో చేరి డ్రాయింగు సాఫ్ట్‌వేరు నేర్చుకున్నారు. మా పెట్టె ఆయనకు కంప్యూటరు మీద మొదటి పని. "ఇది కుదిరితే ఇంకో పదేళ్ళు ఎవరి మీదా పడకుండా బతికేస్తానమ్మా," అనేవారు. నేను మావయ్యగారూ అని పిలిచేదాన్ని.

బోర్డు అంచు ఎలా ఉండాలో ఆయన గీసి ఫ్లాపీలో ఇచ్చారు. దాన్ని నా సాఫ్ట్‌వేరులోకి దించుకోవాలి. ఒక పక్క గంట కూర్చునే గుండ్రటి కోత, ఇంకో పక్క వైరు దూరే గాడి, మూలలన్నీ వంపులు. దించేసరికి వంపులన్నీ చిన్న చిన్న గీతలుగా ముక్కలైపోయాయి. గీతకీ గీతకీ మధ్య కంటికి ఆనని సందులు. ఒక్క సందు మిగిలినా అంచు కలవలేదంటూ సాఫ్ట్‌వేరు మొరాయిస్తుంది. రెండు రోజులు ఆయన్ని లోలోపల తిట్టుకుంటూ ఒక్కో సందూ వెతికి కలిపాను. ఓ మూల అక్షరాల్లాంటి పిచ్చిగీతలేవో కనిపించాయి. దించేటప్పుడు అక్షరాలు పాడవడం మామూలే. ఇదో చెత్త అనుకుని చెరిపేశాను.

హైదరాబాదు నుంచి బోర్డులు తయారై వచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి పెట్టెలో కూర్చోలేదు. కుడివైపు ఉండాల్సిన కోత ఎడమవైపు ఉంది. బోర్డును బోర్లించి పెడదామా అంటే, దాని మీద బిగించే భాగాలన్నీ పెట్టె అడుగుకి కొట్టుకుంటాయి. నేను చెరిపేసిన పిచ్చిగీతలు గుర్తొచ్చాయి. ఫ్లాపీలోని అసలు డ్రాయింగు ప్రింటు తీసి, ఆ పిచ్చిగీతలను కిటికీ వెలుతురుకి పెట్టి వెనక నుంచి చూశాను. చక్కటి ఇంగ్లీషు అక్షరాలు. అచ్చు వైపు, తిప్పుకోండి అని.

అచ్చులు చెక్కేవాళ్ళు బొమ్మయినా అక్షరమైనా తిరగేసే చెక్కుతారు, రేకు మీద సరిగ్గా పడాలని. అక్షరం తిరగబడి ఉంటే అది అచ్చు వైపని వాళ్ళ వీధిలో ఎవర్నడిగినా చెప్తారు. నేను ఎవర్నీ అడగలేదు.

మా ఓనరు మావయ్యగారిని పిలిపించాడు.

"ఇదేం పనండీ? అంతా తిరగేసి ఇచ్చారేంటి?"

"తిప్పుకోమని అందులోనే రాసిపెట్టానండీ. అమ్మాయి చూసే ఉంటుంది."

ఓనరు నావైపు తిరిగాడు. "రాసుందా?"

చేరి ఆర్నెల్లు కూడా కాలేదు. ప్రింటు తీసిన కాగితం నా బ్యాగులో మడతపెట్టి ఉంది.

"లేదండీ," అన్నాను.

ఛీ, ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! ఆయన వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని, "అయితే మర్చిపోయుంటానండీ. వయసైపోతోంది గదా," అన్నారు. ఓనరు ఆ మాటే పట్టుకున్నాడు. ఇక మీదట అచ్చులు విజయవాడలో చేయించుకుంటామని అక్కడికక్కడే చెప్పేశాడు.

వెళ్ళబోతూ ఆయన నా బల్ల దగ్గర ఆగారు. నాలుగు తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

"అమ్మా, రాసినట్టే గుర్తుంది నాకు. మీ దాంట్లోకి దించేటప్పుడు పోయిందేమో. అలా పోకుండా ఎలా రాయాలో కాస్త చెప్తావా? ఇంకెక్కడైనా పని దొరికితే మళ్ళీ ఇలా అవకూడదు."

జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. పెన్ను కుదురుగా నిలవక, "నువ్వే రాసిపెట్టమ్మా," అన్నారు. సిగ్గు లేకుండా రాశాను. అక్షరాలు డ్రాయింగుకి దూరంగా, పెద్దవిగా పెట్టాలి. తిరగేయకూడదు. ఫ్లాపీ వాళ్ళకు అందిన తర్వాత ఫోన్ చేసి చూశారా అని అడగాలి. నా బ్యాగు నా కాళ్ళ దగ్గరే ఉంది.

ఆయన ఒక్కో మాటా పైకి చదువుకుని, పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నారు.

"నీ మేలు మర్చిపోనమ్మా," అన్నారు.