నా చేతిలో ఉన్న కార్డు

మా ఇంట్లో ఇప్పటికీ ఒకటే మాట: "స్వప్నకు చేతగాలె." కంప్యూటర్ ఊసెత్తితే చాలు, ఎవరో ఒకరు ఈ తీర్పు చెప్పి నవ్వుతారు. ఇన్నేళ్లుగా ఆ నవ్వు వింటూ నేను అన్నం వడ్డిస్తున్నాను. మింగుడుపడనిది నాకే. ఆ పిల్లకు చేతకాకపోవడమేమిటి? అది నేను చేతులారా చేసిన పని. నేనెవరో మీకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

స్వప్న నా ఆడబిడ్డ. మాది మేడ్చల్. ఇంటి కింద రోడ్డు మొహాన ఒక మడిగె, అదే దుకాణం గది, ఖాళీగా ఉండేది. రెండువేల ఆరు ప్రాంతం. ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్న రోజుల్లో స్వప్న బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌లో కంప్యూటర్లో కార్ల పందేల ఆటలాడి, చివరికి ఆ సెంటర్ వాళ్ల మిషన్లే బాగుచేసేంత నేర్చింది. తండ్రితో ఒప్పందం చేసుకుంది. ముందు ఒక్క కంప్యూటర్ కొనివ్వాలి. కాలనీ పిల్లలు ఆడటానికి వరస కడితే, మడిగె తనకివ్వాలి, ఆటల సెంటర్ పెట్టుకుంటుంది. మామ సరేనన్నాడు.

మరి కొనడానికి పోవలసింది ఎవరు? తెలిసిన పిల్లే కదా? కాదట.

"పెండ్లి గావాల్సిన పిల్లకు సికింద్రాబాద్ షాపులల్ల ఏం పని? పెద్దకోడలు డిగ్రీ చదివింది, ఆమె తెస్తది" అన్నాడు మామ.

నా డిగ్రీ చరిత్రలో. టీచర్‌గా చేరతానంటే "మనింటి కోడలు ఒకని దగ్గర జీతం జేస్తదా?" అని నా సర్టిఫికెట్లను బీరువాలోకి తోసిన మనిషికి, ఆ రోజు నా చదువు గుర్తొచ్చింది. కూతురికి మడిగె, కోడలికి బీరువా! ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

స్వప్న నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఉన్న డబ్బులో షాపువాళ్లు ముందే బిగించి పెట్టిన మిషనే తీసుకోవాలి. తెర చిన్నదైనా ఫర్వాలేదు, లోపల గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఉండాలి, అది లేకపోతే ఆట ఆగి ఆగి నడుస్తుంది. నాకు బాగానే అర్థమైంది. కాబట్టి తెలియక చేశానని ఎవరూ నన్ను వెనకేసుకు రావద్దు.

షాపులో మా డబ్బుకు రెండే వచ్చాయి. ఒకటి పాత టీవీ లాంటి లావు తెర, లోపల కార్డు. రెండోది పల్చటి తెర, పెద్ద స్పీకర్లు, నల్లగా నిగనిగలాడే డబ్బా, కార్డు లేదు. "ఆటలకైతే ఇది పనికిరాదమ్మా" అని అమ్మేవాడు ఉన్నమాటే చెప్పాడు. హాల్లో అందంగా ఉంటుందనుకున్నానా? అనుకున్నాను. అంతేనా? కాదు. ఆ పిల్ల మడిగెలో గల్లాపెట్టె ముందు కూర్చుంటే, నేను పైనుంచి చాయ్ పంపుతూ ఉండాలా? అది కళ్ల ముందు కదిలింది. అందమైనదాన్నే కట్టమన్నాను.

అప్పుడే ఫోన్ మోగింది.

"వదినె, కార్డున్నదా?"

"ఉన్నది."

"ఒట్టు?"

"ఒట్టేందే? చేతిల వట్టుకొనే చెప్తున్న."

ఫక్కున నవ్వింది. "ఓ వదినె! అది చేతిలుంటదా? డబ్బల గదా ఉండేది!"

"డబ్బలనే పెట్టిండు. ఇగ వెట్టు ఫోను."

నా చేతిలో ఉన్నది వారంటీ కార్డు. మొదటి రెండు జవాబులూ అబద్ధం కావని లోపల్లోపల మురిసిపోయాను. మూడోదానికి ఆ సాకు కూడా లేదు.

డబ్బా స్క్రూల మీద షాపువాడి స్టిక్కరు. అది చిరిగితే వారంటీ పోతుంది. కార్డు సరిగ్గా కూర్చోలేదేమోనని స్వప్న ఎప్పుడు విప్పబోయినా, ఆ మాట గుర్తుచేసి ఆపింది నేనే. పిల్లలు వచ్చారు, ఆడారు. "అక్కా, నీ కారుకు నత్తి ఉన్నదా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ రాలేదు. మడిగెలో ప్లాట్లమ్మేవాళ్ల ఆఫీసు వెలిసింది.

వారంటీ అయిపోయాక స్వప్న డబ్బా విప్పింది. అదే హాల్లో నేను చింతపండు గింజలు తీస్తున్నాను. కార్డు ఉండాల్సిన చోట ఖాళీ. అందులో వేలు పెట్టి, నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె మూత బిగించింది. తండ్రి వచ్చి ఏమైందని అడిగితే, "నాకే చేతగాలె బాపూ" అంది.

ఇంటిల్లిపాదీ పట్టుకు తిరుగుతున్న మాట అదే. ముందు అన్నది స్వప్నే.

ఇప్పుడామె తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీకి క్యాబులో పోయి వస్తోంది. నన్ను అలాగే వదినె అని పిలుస్తుంది. ఇది రాసినంత మాత్రాన మడిగె తిరిగి రాదు, నన్ను క్షమించమనీ అడగను. చేసింది నేనని ఒక్కచోటైనా అన్నాను, అంతవరకు ఊపిరి ఆడుతోంది.

కానీ ఒక్కటి తేలక చస్తున్నాను. అంతా తెలిసీ ఆ మాట తన నెత్తిన ఎందుకు వేసుకుంది? నన్ను కాపాడాలనా, లేక బతికినన్నాళ్లూ నేను దాన్ని వింటూ ఉండాలనా?