నొప్పి చెప్పిన అమ్మ

మా అమ్మను ఎవరు పలకరించినా "బాగుండాను" అంటుంది. జ్వరంతో మూలుగుతూ కూడా అదే మాట. అడిగినవాళ్ల మనసు కష్టపెట్టకూడదట. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్లు మండేది.

సోమల దగ్గర మా ఊళ్లో మాకు రెండు ఆవులు. పాలు పితికేది అమ్మే. పోయినేడు ఆమె కుడి మోచెయ్యి పట్టేసింది. నీళ్ల చెంబు ఎత్తినా జారిపోయేది. నేను పితకబోతే పెద్దావు ఒక్క తన్నుతో బకెట్టునూ నన్నూ కలిపి పడేసింది. పసర్లయ్యాయి, మాత్రలయ్యాయి. విసిగిపోయి, ఆవుల్ని అమ్మేద్దామన్నాను. ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు.

అప్పుడు పుంగనూరులో బస్సు మారి, మదనపల్లెలో ఫిజియోథెరపీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ముప్పై ఏళ్లుంటాయేమో, కుప్పం పక్కన గుడుపల్లె మనిషి. షాక్‌వేవ్ చికిత్స చేస్తానని, అంటే కరెంటు పెట్టడం కాదని, నొప్పి ఉన్నచోట లోపలికి చిన్న చిన్న దెబ్బలు పంపడమని చెప్పింది. "అందరికీ ఒకే మాదిరి పనిచెయ్యదప్పా. వారాలు పడతాది" అని కూడా చెప్పింది. ఆ మాటతోనే నాకు ఆమె మీద గురి కుదిరింది.

మోచేతికి జెల్లు రాసి, పిడిలాంటి పరికరం ఆనించగానే టకటకమని మొదలైంది.

"నొస్తాందా అమ్మా?"

"లేదమ్మా, బాగుండాది."

"ఈడ?"

"ఆడా బాగుండాది."

అమ్మ కాలివేళ్లు మాత్రం ముడుచుకుపోతున్నాయి.

రెండో వారం వెళ్లగానే, "శానా తగ్గిందమ్మా, నీ సెయ్యి సల్లగుండ" అంది అమ్మ. డాక్టరమ్మ నిండు నీళ్ల సీసా చేతికిచ్చింది. సీసా దభీమని నేలమీద పడింది.

"యాల అబద్ధం చెప్తావు?" అని అరిచాను, నలుగురున్నారని కూడా చూడకుండా.

డాక్టరమ్మ నన్ను చూపుతోనే ఆపి, అమ్మ ఎదుట గొంతుకూర్చుంది.

"పొదుగు నొస్తే నీ ఆవు ఏం సేస్తాదమ్మా?"

"తంతాది."

"తంతేనే కదా నీకు తెలిసేది? నువ్వూ తన్నాల. నువ్వు సెప్పకుంటే ఇది యాడ పెట్టాలో నాకెట్ల తెలుస్తాది?"

అమ్మ నవ్వేసింది. ఈసారి పరికరం ఆనించగానే "అబ్బా! ఆడే, ఆడే!" అని బయట కూర్చున్నవాళ్లు తొంగిచూసేలా కేక పెట్టింది. డాక్టరమ్మ దెబ్బల జోరు కాస్త తగ్గించి, ఆ చోటు వదలకుండా ఓపిగ్గా పనిచేసింది. ఎంతమంది వైద్యులను చూశాను! ఆమె యంత్రం గొప్పదే కావచ్చు, మా అమ్మ నోట నిజం రాబట్టడం అంతకంటే గొప్ప విద్య.

ఇంకో మూడు వారాలు తిరిగాం. ఇంటి దగ్గర అమ్మ తువ్వాలు మెలిపెట్టే వ్యాయామం చేసింది. అన్నాళ్లూ నేనే తన్నులు తింటూ పాలు పితికాను.

రెండు నెలలకు ఒక తెల్లవారుజామున కొట్టంలో బకెట్టులో పాలధార పడుతున్న చప్పుడు వినిపించింది. పరుగెత్తాను. అమ్మ కుడిచేత్తోనే పితుకుతోంది. పెద్దావు కదలకుండా నిలబడి ఉంది. అమ్మ పని ముగించి, మోచెయ్యి రుద్దుకుంటూ లేచింది.

"ఎట్లుండాది?" అన్నాను భయంగా.

"రవంత నొస్తాండాది. రెండోదాన్ని నువ్వు పిండుపో."

ఆ రవంత నొప్పి చెప్పింది కాబట్టే, మిగిలినదంతా నిజంగానే తగ్గిందని నమ్మాను.